ఐస్‌లాండ్‌లో ఆత్మల మీద పరిశోధన: అంత చిన్న దేశంలో డాక్టర్లు, మతశాస్త్ర పండితులు ఎందుకు పూనుకున్నారు?

వైట్‌ఫీల్డ్ వాసి:

అందరికీ నమస్కారం. మా లేఅవుట్‌లో ఉన్న తెలుగువాళ్ళం నెలకోసారి ఎవరో ఒకరింట్లో కూడి ఏదైనా విషయం మీద మాట్లాడుకుంటాం, ఈసారి వంతు నాది. మా ఆఫీసులో రెయ్క్యవిక్ నుంచి పనిచేసే కొలీగ్ ఒకతను ఉన్నాడు, మొన్న కాల్ అయ్యాక పిచ్చాపాటీలో వాళ్ళ నాయనమ్మ సంగతి చెప్పాడు. ఆవిడ ఆదివారం చర్చికీ వెళ్ళేదట, అప్పుడప్పుడూ మీడియం దగ్గరికీ వెళ్ళి పోయిన భర్తతో మాట్లాడి వచ్చేదట, ఊళ్ళో ఎవరూ వింతగా చూసేవాళ్ళు కాదట. పైగా అక్కడ ఇదంతా మొదలుపెట్టింది బాగా చదువుకున్న వాళ్ళేనని, డాక్టర్లు, పత్రికా సంపాదకులు, మతశాస్త్రం చెప్పే పండితులు అని అన్నాడు.

అప్పట్నుంచి నాకు అదే ధ్యాస. మన దగ్గర పూనకం ఉంది, సోది ఉంది, ప్లాంచెట్ పెట్టుకున్న ఇళ్ళూ ఉన్నాయి. కానీ ఊరి పెద్దలు ఒక సంఘం పెట్టుకుని, మినిట్స్ రాసుకుంటూ, మోసం ఉందేమో పట్టుకుందామని రాత్రిళ్ళు కూర్చోవడం నేనైతే వినలేదు. అప్పట్లో జనాభా లక్ష కూడా లేని దేశంలో అది ఎలా సాధ్యమైంది? వాళ్ళకి చివరికి ఏమైనా దొరికిందా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి, నమ్మేవాళ్ళు, నమ్మనివాళ్ళు ఇద్దరూ.

బసవనగుడి మాస్టారు:

మంచి ప్రశ్న అడిగారు బాబూ. నేను చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, ఈ ఐస్‌లాండ్ వ్యవహారం మీద నాకు చాలా ఏళ్ళుగా ఆసక్తి, అందుకని కొంచెం పొడుగ్గానే రాస్తాను.

ముందు ఆ కాలం ఎలా ఉండేదో చూడాలి. 1901 లెక్కల ప్రకారం దేశం మొత్తం జనాభా సుమారు 78 వేలు, రెయ్క్యవిక్‌లో ఏడు వేలకి లోపే. అంటే మన రాయలసీమలో ఒక మోస్తరు తాలూకా అంత దేశం, పెద్ద పల్లెటూరంత రాజధాని. డెన్మార్క్ ఏలుబడిలో ఉండేది, 1904లో స్వపరిపాలన వచ్చింది. చదువుకున్న వాళ్ళు కొద్దిమంది, వాళ్ళలో చాలామంది కోపెన్‌హేగన్ వెళ్ళి చదివి వచ్చినవాళ్ళే, అందరికీ అందరూ తెలుసు. పత్రిక నడిపేవాడే రాజకీయాల్లోనూ ఉంటాడు, సాహిత్యంలోనూ ఉంటాడు.

అలాంటి ఒకాయన ఎయ్‌నార్ క్వారాన్, రచయిత, సంపాదకుడు. ఆత్మలు, అతీంద్రియ విషయాల మీద పరిశోధనకి లండన్‌లో 1882లో పుట్టిన సైకికల్ రీసెర్చ్ సొసైటీ పని గురించి, ఆ సొసైటీ స్థాపకుల్లో ఒకరైన మయర్స్ గ్రంథం గురించి చదివి, మనమూ చేసి చూద్దామని 1904లో కొంతమందిని కూర్చోబెట్టాడు. మొదట్లో చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. 1905లో ఇంద్రిధి ఇంద్రిధాసన్ అనే కుర్రాడు వచ్చాడు. 1883లో పుట్టినవాడు, పడమటి తీరంలో పల్లెటూరి రైతు కుటుంబం, అచ్చు పని నేర్చుకోవడానికి ఈసఫోల్ద్ అనే పత్రిక ప్రెస్సులో చేరాడు. బంధువుల ఇంట్లో ఉండేవాడు, ఆ ఇంటివాళ్ళు బల్ల చుట్టూ కూర్చుంటే ఇతన్నీ కూర్చోమన్నారు, బల్ల ఒక్కసారిగా కదలడం మొదలెట్టింది, కుర్రాడు భయపడిపోయాడు. అక్కడ్నించి కథ.

వెంటనే ప్రయోగ సంఘం అని ఒకటి పెట్టుకున్నారు. కుర్రాడికి జీతం లాంటిది ఏర్పాటుచేసి, సంఘం అనుమతి లేకుండా బయట ఎక్కడా కూర్చోకూడదని కట్టడి చేశారు. ఈ పనికోసమే 1907లో ఒక ఇల్లు కూడా కట్టారు! సభ్యులెవరో చూడండి. హరాల్దుర్ నీల్సన్, బైబిల్ పాత నిబంధనని ఐస్‌లాండిక్‌లోకి తెచ్చిన పండితుడు, తర్వాత యూనివర్సిటీలో మతశాస్త్ర ప్రొఫెసర్. బ్యోర్న్ యోన్సన్, ఆ కుర్రాడు పనిచేసిన ప్రెస్సు యజమాని, పత్రికా సంపాదకుడు, 1909లో దేశానికి మంత్రిగా, అంటే ప్రభుత్వాధినేతగా అయ్యాడు. ఎదుటి పత్రికలు వీళ్ళని ఏకిపారేశాయి, అందులో రాజకీయ పగ కూడా కలిసింది. అంటే ఇది గుట్టుగా ఎక్కడో మూల జరిగింది కాదు, రాజధానిలో రచ్చబండ మీద జరిగింది.

ఎలా సాధ్యమైందన్న మీ ప్రశ్నకి నా జవాబు ఇదే. పెద్ద దేశంలో ఇలాంటి సంఘం ఎన్నో సంఘాల్లో ఒకటై పోయేది. ఏడు వేల మంది ఊళ్ళో పదిమంది పెద్దమనుషులు కూర్చుంటే అది ఊరి విషయం, దేశం విషయం. ఇంకోటి, చర్చి వాళ్ళని గెంటేయలేదు. నీల్సన్ లాంటివాళ్ళు చర్చి లోపలే ఉండి, చనిపోయాక జీవితం ఉందని మనం వేదిక మీద చెప్తాం కదా, మరి ఆధారం వెతకడంలో తప్పేముంది అని వాదించారు. తర్వాత రోజుల్లో రెయ్క్యవిక్ కెథెడ్రల్ పెద్ద మతాధికారే, 1918లో అక్కడ కొత్తగా పుట్టిన సైకికల్ రీసెర్చ్ సొసైటీకి అధ్యక్షుడు. మన దగ్గర ఒక పీఠాధిపతి వచ్చి, పూనకం నిజమో కాదో పరీక్షిద్దాం, తాళ్ళు తీసుకురండి అని అనడం ఊహించుకోండి.

ఎలక్ట్రానిక్ సిటీ రవి:

మాస్టారూ, బాగుంది, కానీ ఇవన్నీ చీకట్లోనే కదా జరిగేవి? చీకట్లో బల్ల లేచిందంటే నేను ఒక్క క్షణం కూడా నమ్మను. ఆ కుర్రాడు ఎప్పుడైనా దొరికిపోయాడా?

బసవనగుడి మాస్టారు:

రవీ, ఎక్కువ భాగం చీకట్లోనే, నిజం. మోసం చేస్తూ దొరికిపోయినట్టు మాత్రం నమోదు లేదు. చీకటి అన్న అభ్యంతరం వాళ్ళకీ తట్టింది, అందుకే గుద్ముందుర్ హానెస్సన్ రంగంలోకి దిగాడు. ఆయన డాక్టరు, ఇదంతా బూటకమని గట్టిగా అనుకున్నవాడు, పట్టుకుందామనే 1908–09 చలికాలంలో వచ్చాడు. నాకు ఈ మొత్తం చరిత్రలో నచ్చిన మనిషి ఈయనే.

ఆయన చేసిన ఏర్పాట్లు చూడండి. గది మూలమూలా వెతికేవాళ్ళు. కుర్రాడి బట్టలు విప్పించి చూసేవాళ్ళు. గదికి అడ్డంగా ఈ గోడనించి ఆ గోడకి, నేలనించి పైకప్పుదాకా వల కట్టారు, చేపలు పట్టే దేశం కదా, వలకేం కరువు. వలకి ఒకవైపు ప్రేక్షకులు, రెండోవైపు కుర్రాడు, కుర్రాణ్ణి పట్టుకుని కూర్చోడానికి ఒక కాపలా మనిషి. చీకట్లో కదలిక తెలియడానికి మెరిసే పూత పూసిన గుర్తులు పెట్టారు. ఇంత చేసినా వస్తువులు ఎగిరాయని, సంగీతం పెట్టె గాల్లో మోగుతూ తిరిగిందని, కుర్రాడి చేతులు కాపలా మనిషి చేతుల్లో ఉండగానే అవి జరిగాయని ఆయన రాశాడు. ఒక రాత్రి అనుమానం వస్తే తర్వాతి రాత్రికి దాన్ని మూసేసేవాడు, మళ్ళీ కొత్త అనుమానం రాసుకునేవాడు. చివరికి, ఇవి నిజంగా జరుగుతున్నాయని తనకి నమ్మకం కుదిరిందని, కారణం మాత్రం చెప్పలేనని తేల్చాడు. ఆత్మలని ఒప్పుకోలేదు. ఈ తేడా చాలామంది మర్చిపోతారు.

పాపం ఆ కుర్రాడు 1909లో టైఫాయిడ్ పడ్డాడు, తర్వాత క్షయ, 1912లో శానిటోరియంలో పోయాడు, ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు. సంఘం కూడా అతనితోనే పోయింది.

ఇక ఇదే కుర్రాడి విషయంలో కోపెన్‌హేగన్ మంట కథ ఒకటి ఉంది, అదీ చెప్తాను. 1905 నవంబర్ 24 రాత్రి కుర్రాడు ఒళ్ళు తెలియని సమాధి స్థితిలో (ట్రాన్స్) ఉండగా యెన్సెన్ అనే డేనిష్ గొంతు మాట్లాడింది. కోపెన్‌హేగన్‌లో ఒక ఫ్యాక్టరీ తగలబడుతోందని చెప్పింది, గంట తర్వాత మళ్ళీ వచ్చి మంట అదుపులోకి వచ్చిందంది. ఆ మాట రాసి బిషప్ దగ్గర భద్రం చేశామని కూర్చున్నవాళ్ళు చెప్పారు. ఓడలో పేపర్లు వచ్చేసరికి డిసెంబర్. చూస్తే ఆ రాత్రే స్తోర కొంగెన్స్‌గేద వీధిలో 63వ నంబరు దగ్గర ఫ్యాక్టరీ అంటుకుంది. ఆ గొంతు తన గురించి కూడా కొంత చెప్పింది, పేరు ఎమిల్ అని, ఫ్యాక్టరీ యజమానినని, పెళ్ళికాలేదని. వందేళ్ళ తర్వాత ఎర్లెందుర్ హరాల్డ్‌సన్ అనే ప్రొఫెసరు కోపెన్‌హేగన్ రికార్డుల్లో వెతికితే, అదే వీధిలో కాపురమున్న, 1898లో పోయిన ఎమిల్ యెన్సెన్ అనే అవివాహిత ఫ్యాక్టరీ యజమాని దొరికాడు.

జయనగర్ లెక్కలాయన:

మాస్టారికి నమస్కారం, మీ పోస్టు ఆసక్తిగా చదివాను. నేను నమ్మని పక్షం, కానీ తీసిపారేసే రకాన్ని కాదు, కాబట్టి నాకు ఎక్కడ బిగువు ఉంది, ఎక్కడ వదులు ఉంది అన్నది చెప్తాను.

మంట కేసు చెప్పేటప్పుడు అందరూ, అప్పటికి ఐస్‌లాండ్‌కి టెలిగ్రాఫ్ లేదు అంటారు. సముద్రం కింది కేబుల్ 1906లో వచ్చింది, అది నిజం. కానీ 1905 జూన్ నుంచే రెయ్క్యవిక్‌లో మార్కోనీ వైర్‌లెస్ రిసీవర్ ఉంది, బయటి వార్తలు అందులో వచ్చేవి. అలాగని ఒక వీధిలో ఫ్యాక్టరీ మంటని అదే రాత్రి, అదీ గంటలోనే, ఎవరైనా వైర్‌లెస్‌లో పంపి ఉంటారా అంటే నేనూ నమ్మలేను. అయినా వార్త వచ్చే దారే లేదు అని చెప్పేటప్పుడు ఈ విషయం కూడా చెప్పాలి, లేకపోతే రేపు మీ మీటింగులో ఎవరో ఒకరు లేచి అడుగుతారు. యెన్సెన్ సంగతి ఇంకా చిక్కు. డెన్మార్క్‌లో యెన్సెన్ అంటే మన దగ్గర రావు అన్నట్టు, వీధికొకడు ఉంటాడు. కానీ ఎమిల్, యజమాని, పెళ్ళికాలేదు, అదే వీధి అని నాలుగూ కలిస్తే పేరు సామాన్యమైనదన్న వాదన బలం తగ్గిపోతుంది. కోపెన్‌హేగన్‌లో చదివి వచ్చిన ఐస్‌లాండ్ వాళ్ళు రెయ్క్యవిక్ నిండా ఉన్నారు కాబట్టి, చనిపోయిన ఒక వ్యాపారి వివరాలు ఎవరి నోటినుంచో కుర్రాడి చెవిన పడి ఉండొచ్చు. మంట మాత్రం అలా చెవిన పడే విషయం కాదు. అదొక్కటే నన్ను ఇబ్బంది పెడుతుంది, ఒప్పుకుంటాను.

చిన్న దేశం అన్నదాంట్లో ఉన్న పెద్ద ఇబ్బంది కూడా ఇక్కడే. ఐస్‌లాండ్ వాళ్ళకి వంశవృక్షాల పిచ్చి, ఎవరు ఎవరి మనవడో నోటికి వస్తుంది. చర్చి రిజిస్టర్లు తరాల తరబడి ఉన్నాయి. ఎవరైనా పోతే బంధువులు, స్నేహితులు పత్రికల్లో పేజీల కొద్దీ జ్ఞాపకాలు రాస్తారు. ఇలాంటి చోట మీడియం వచ్చి, మీ తాతగారు కుంటేవారు, ఫలానా ఊళ్ళో పోయారు అంటే అందులో వింతేముంది? దానికి మంచి ఉదాహరణ రూంకీ కాలు కథ, మీ మీటింగులో తప్పకుండా చెప్పండి, జనం కదలకుండా వింటారు.

హాఫ్‌స్టెయిన్ బ్యోర్న్‌సన్ అనే మీడియం, 1914లో పుట్టి 1977లో పోయినవాడు, ఐస్‌లాండ్‌లో ఇంటింటా తెలిసిన పేరు. 1937లో ఆయన సమాధి స్థితిలో ఉండగా ఒక మొరటు గొంతు దిగింది. పేరు చెప్పనంటుంది, నశ్యం కావాలంటుంది, కాఫీ కావాలంటుంది, రమ్ము కావాలంటుంది. ఏం పని మీద వచ్చావంటే నా కాలు వెతుక్కుంటున్నా అంటుంది. ఎక్కడుందంటే సముద్రంలో ఉందంది. ఇలా చాలాకాలం సతాయించింది. 1939లో లుద్విక్ గుద్ముంద్సన్ అని సాండ్‌గెర్ది రేవులో చేపల ఫ్యాక్టరీ ఉన్నాయన వచ్చి ఆ కూటమిలో చేరాడు. గొంతుకి సంతోషమే సంతోషం, నా కాలు ఇతని ఇంట్లోనే ఉంది అంది. చివరికి పేరు చెప్పింది, రూనోల్‌ఫుర్ రూనోల్ఫ్‌సన్, ముద్దుపేరు రూంకీ. 1879 అక్టోబర్‌లో తాగి నడుచుకుంటూ ఇంటికి వెళ్తూ తుఫాను గాలిలో ఒడ్డున కూలబడ్డానని, కెరటం లాక్కుపోయిందని, తర్వాత శవం దొరికితే తొడ ఎముక మాత్రం లేదని చెప్పింది. చర్చి పుస్తకాలు చూస్తే అన్నీ సరిపోయాయి. ఊళ్ళో ముసలివాళ్ళని అడిగితే, ఎప్పుడో ఒడ్డుకి కొట్టుకొచ్చిన తొడ ఎముక ఒకటి ఉండేదని, ఆ ఇంటికి మరమ్మత్తు చేసిన వడ్రంగి దాన్ని రెండు గోడల మధ్య పెట్టాడని జ్ఞాపకం చేసుకున్నారు. 1940లో గోడ తవ్వారు. ఎముక దొరికింది, పొడుగాటి మనిషిది. శాస్త్రోక్తంగా పాతిపెట్టారు. రూంకీ వచ్చి థాంక్స్ చెప్పి, ఆ తర్వాత హాఫ్‌స్టెయిన్‌కి శాశ్వతంగా తోడుండిపోయాడట.

కథ అద్భుతం. కానీ చూడండి, చావు వివరాలు చర్చి పుస్తకంలో ఉన్నాయి, ఎముక సంగతి ఊరివాళ్ళ నోళ్ళలో ఉంది. ఆ ఎముక రూంకీదేనని తేల్చే పరీక్షేదీ జరగలేదు. ఎవరో ఒకరికి తెలిసిన ముక్కలన్నీ ఒక్కచోటికి ఎలా చేరాయన్నదే ప్రశ్న, దానికి ఆత్మే అక్కర్లేదు.

నిజంగా నాకు విలువైనదిగా అనిపించేది 1972లో న్యూయార్క్‌లో జరిగిన పరీక్ష. ఈ హాఫ్‌స్టెయిన్‌నే అక్కడికి తీసుకెళ్ళి, 10 మందిని ఒక్కొక్కరిగా, ఆయనకి కనబడకుండా, వినబడకుండా కూర్చోబెట్టారు. ఆయన చెప్పినవన్నీ రాసి, ఏది ఎవరిదో చెప్పకుండా పదీ కలిపి అందరికీ ఇచ్చి, మీదేదో ఏరుకోండి అన్నారు. గుడ్డిగా ఏరితే సగటున ఒక్కరికే సరిగ్గా తగలాలి, నలుగురికి తగిలింది. కాకతాళీయంగా ఇలా జరిగే అవకాశం నూటికి రెండు పాళ్ళ లోపు. బాగుంది, కానీ 10 మంది చాలా తక్కువ. నేను పనిచేసే చోట ఇంత చిన్న శాంపిల్ మీద ఒక మందు బిళ్ళ రంగు కూడా మార్చనివ్వరు. మళ్ళీ మళ్ళీ చెయ్యాలి, వేరే వాళ్ళు చెయ్యాలి, అప్పటిదాకా తీర్పు ఇవ్వలేం.

వైట్‌ఫీల్డ్ వాసి:

ఇద్దరికీ చాలా చాలా థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. రెండు సంగతులు అడగాలి. ఒకటి, మాస్టారు చెప్పిన ఎర్లెందుర్ హరాల్డ్‌సన్, పుట్టపర్తి వచ్చి బాబా మీద పుస్తకం రాసినాయన ఒకరేనా? మా ఇంటి దగ్గరే కాడుగోడిలో బాబా ఆశ్రమం, చిన్నప్పుడు మా తాతగారు ఆ తెల్లాయన పుస్తకం గురించి చెప్పేవారు.

రెండోది సొంత విషయం. పోయినేడు మా అమ్మ పోయారు. మా పిన్నికి ఇప్పటికీ సాయంత్రం దీపం పెట్టే వేళకి అమ్మ వంటింట్లో తిరుగుతున్నట్టు ఉంటుందట, గాజుల చప్పుడు వినబడుతుందట. మా బాబాయ్ డాక్టరుకి చూపిద్దామంటున్నారు. ఆవిడకి భయం లేదు, పైగా ధైర్యంగా ఉంది, కానీ ఎవరికీ చెప్పొద్దని నన్ను ఒట్టు వేయించుకుంది. ఇలాంటివాటి మీద కూడా అక్కడివాళ్ళు ఏమైనా పని చేశారా?

రాజాజీనగర్ పద్మక్క:

తమ్ముడూ, అమ్మగారి విషయం తెలిసి బాధేసింది. నేను ఇక్కడ ఒక ఆస్పత్రిలో కౌన్సిలర్‌ని, కాబట్టి ముందు మీ పిన్నిగారి సంగతి.

అది జబ్బు కాదమ్మా. పోయినవాళ్ళు పక్కనే ఉన్నట్టు అనిపించడం, గొంతు వినబడటం, ఎంత మామూలో జనానికి తెలియదు, ఎందుకంటే ఎవరూ బయటికి చెప్పరు. ఐస్‌లాండ్ వాళ్ళు చేసిన పనిలో నేను అన్నిటికంటే గొప్పదనుకునేది దీన్ని నేరుగా జనాన్ని అడగడమే. ఎర్లెందుర్ 1974–75లో దేశం మొత్తం మీద సర్వే చేశాడు, దాదాపు 900 మంది జవాబిచ్చారు. చనిపోయినవాళ్ళు దగ్గరున్నట్టు ఎప్పుడైనా అనుభవమైందా అంటే 31 శాతం అవునన్నారు. తర్వాత 1980ల్లో యూరప్ దేశాల్లో అందరినీ ఒకే ప్రశ్న అడిగితే పడమటి యూరప్ సగటు 25 శాతం, ఐస్‌లాండ్ 41. అంటే ఐస్‌లాండ్‌లో ఎక్కువే, కానీ మిగతా చోట్లా ప్రతి నలుగురిలో ఒకరు. ఆయన ఊరుకోకుండా అవునన్నవాళ్ళని వెతుక్కుంటూ వెళ్ళి ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని వివరం రాసుకున్నాడు, ఎంత వెలుతురు ఉంది, మీరు నిద్రలో ఉన్నారా, పనిలో ఉన్నారా, పోయినాయన ఎలా పోయాడు అని. చాలామంది మామూలుగా పనిచేసుకుంటూ ఉండగా వచ్చిన అనుభవాలే. ఆత్మ ఉందా లేదా అన్నది ఇక్కడ తేలదు, తేలక్కర్లేదు కూడా. మనిషి పిచ్చిదైపోయిందని ఇంట్లోవాళ్ళు హడలిపోకుండా ఉండటానికి ఆ 31 చాలు. పిన్నిగారికి నిద్ర, తిండి సరిగ్గా ఉండి, భయం లేకపోతే వదిలేయండి. ఆ గొంతు ఏదైనా చెడు పని చెయ్యమన్నా, ఆవిడ మనుషులకి దూరమైపోతున్నా అప్పుడు చూపించండి. ఒట్టు మాట సరే, కానీ బాబాయ్‌గారికి ఈ సర్వే సంగతి మాత్రం చెప్పండి, సర్వేనే కదా.

ఇంకో ముక్క. ఎర్లెందుర్, న్యూయార్క్‌లో ఉండే కార్లిస్ ఓసిస్ అనే పరిశోధకుడు కలిసి మరణశయ్య మీద ఉన్నవాళ్ళు ఏం చూస్తారో అమెరికాలోను, మన ఉత్తరాదిలోను డాక్టర్లని, నర్సులని అడిగారు. రెండు దేశాలూ కలిపి 877 మంది రోగుల వివరాలు. అమెరికా వాళ్ళకి ఎక్కువగా పోయిన అమ్మో నాన్నో కనిపించారు, మనవాళ్ళకి దేవుళ్ళు, యమదూతలు ఎక్కువ, కొంతమంది మేం రామంటే రామని మొండికేశారట! మా వార్డులో పాతకాలపు నర్సులు ఇలాంటివి ఎన్నో చెప్తారు. పుట్టిపెరిగిన తీరు ఇంతగా కనబడుతోంటే అది నిజంగా పరలోకం చూపేనా అని నాకు అనుమానం, వాళ్ళిద్దరూ మాత్రం రెండు దేశాల్లోనూ కలిసే అంశాల మీద ఎక్కువ బరువు పెట్టారు. మన బెంగళూరులోనే నిమ్హాన్స్‌లో సత్వంత్ పస్రీచాగారు పూర్వజన్మ గుర్తుందనే పిల్లల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు, ఎర్లెందుర్ శ్రీలంకలో అలాంటి పిల్లల్ని చూశాడు.

అడయార్ శారద:

చెన్నై నుంచి ఒక మాట. వైట్‌ఫీల్డ్ తమ్ముడు, మన దగ్గర ఇలా కూర్చుని పరీక్షించడం వినలేదన్నారు. మా ఇంటికి నడిచి వెళ్ళే దూరంలోనే జరిగింది, కాకపోతే పరీక్షించడానికి మనిషి లండన్ నుంచి వచ్చాడు. దివ్యజ్ఞాన సమాజంలో, దాని స్థాపకుల్లో ఒకరైన బ్లావట్స్కీ గారి గది పక్కన ఒక బీరువాలో, కంటికి కనబడని గురువులని చెప్పే మహాత్ముల ఉత్తరాలు ప్రత్యక్షమయ్యేవి. అక్కడే పనిచేసిన కూలోంబ్ దంపతులు బయటికొచ్చి అదంతా మోసమని చెప్పారు, బ్లావట్స్కీ తమకి రాసినవని వాళ్ళు చూపించిన ఉత్తరాలని 1884లో మద్రాసు క్రిస్టియన్ కాలేజీ పత్రిక అచ్చువేసింది. ఆ డిసెంబర్‌లో రిచర్డ్ హాడ్జ్‌సన్‌ని, మాస్టారు చెప్పిన లండన్ సైకికల్ రీసెర్చ్ సొసైటీ పంపింది. మూడు నెలలు ఉండి, మోసమేనని 1885లో రిపోర్టు ఇచ్చాడు. వందేళ్ళ తర్వాత 1986లో అదే సొసైటీ పత్రికలో వెర్నన్ హారిసన్ అనే దస్తావేజుల నిపుణుడు, హాడ్జ్‌సన్ పని పక్షపాతంగా సాగిందని విమర్శించాడు.

రెయ్క్యవిక్‌కీ అడయార్‌కీ నాకు కనిపించే తేడా ఒకటే. ఇక్కడ ఒక తెల్ల దొర వచ్చి తీర్పు చెప్పి ఓడెక్కాడు, మనవాళ్ళు సాక్షులుగానే మిగిలిపోయారు. అక్కడ పరీక్షించినవాళ్ళు, పరీక్షకి నిలబడినవాళ్ళు, తిట్టినవాళ్ళు అందరూ ఆ ఊరివాళ్ళే, వాళ్ళ భాషలోనే రాసుకున్నారు, 1920 నుంచి మోర్గున్ అని సొంత పత్రిక కూడా నడుపుకున్నారు. అందుకే అక్కడ అది వేళ్ళూనింది.

బసవనగుడి మాస్టారు:

శారదగారు చక్కగా చెప్పారమ్మా. అయితే మన తెలుగువాళ్ళ పేరు కూడా రావాలి. కె. రామకృష్ణారావుగారు అమెరికాలో అతీంద్రియ శక్తుల మీద ప్రయోగాలు చేసిన జె.బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చి, 1967లో వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రంతో పాటు పరామనస్తత్వశాస్త్రానికి విభాగం పెట్టారు, తర్వాత అదే యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్ అయ్యారు.

ఇక పుట్టపర్తి. అవును బాబూ, ఆయనే ఈయన. 1931లో పుట్టాడు, మొదట జర్నలిస్టు, కుర్దుల పోరాటం మీద పుస్తకం రాశాడు, తర్వాత జర్మనీలో డాక్టరేట్ చేసి ఐస్‌లాండ్ యూనివర్సిటీలో సైకాలజీ ప్రొఫెసర్ అయ్యాడు. 1970ల మొదట్నించి పదేళ్ళపాటు పుట్టపర్తికి, వైట్‌ఫీల్డ్‌కి వచ్చిపోతూ ఉన్నాడు. కట్టుదిట్టమైన పరీక్షకి ఒప్పుకోమని బాబాని ఎన్నోసార్లు అడిగాడు, ఆయన ఒప్పుకోలేదు. ఒకసారి మాటల మధ్యలో ఓసిస్ వేలికున్న ఉంగరం చూసుకోమన్నాడు బాబా, అంతకుముందు తానే ఇచ్చిన ఉంగరం, చూస్తే అందులో రాయి లేదు, పట్టీలు అలాగే ఉన్నాయి, గదంతా వెతికినా దొరకలేదు. ఇదే నా ప్రయోగం అన్నాడట బాబా. ఎర్లెందుర్ ఇవన్నీ రాశాడు, భక్తులనీ అడిగాడు, విడిచిపెట్టి వెళ్ళినవాళ్ళనీ వెతికి అడిగాడు. 1971లో మద్రాసులో ఒక అమెరికన్ భక్తుడు చనిపోయి బాబా మహిమతో బతికాడని అప్పట్లో గొప్పగా చెప్పుకునేవాళ్ళు, ఎర్లెందుర్ ఆ భక్తుడికి వైద్యం చేసిన డాక్టరు దాకా వెళ్ళి, మనిషి చనిపోయాడనడానికే ఆధారం లేదని తేల్చాడు. చేతిలో వస్తువులు రావడం గురించి మాత్రం, మోసం నాకు కనబడలేదు, కానీ పరీక్ష లేకుండా ఏమీ తేల్చలేను అన్నాడు. భక్తులకి ఇది చాల్లేదు, హేతువాదులకి ఒళ్ళు మండింది.

అదే కాలంలో బెంగళూరులో హెచ్. నరసింహయ్యగారు ఉన్నారు. బెంగళూరు యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్‌గా 1976లో మహిమల మీద, మూఢనమ్మకాల మీద విచారణ సంఘం వేసి, బాబాకి ఉత్తరాలు రాశారు, జవాబు రాలేదు. మా బసవనగుడి నేషనల్ కాలేజీ హాస్టల్లో చిన్న గదిలో ఉండేవారాయన, ఖద్దరు పంచె, ఖద్దరు టోపీ. వాళ్ళిద్దరి దారులూ వేరు. నరసింహయ్యగారు పరీక్షకి రావాల్సిందేనని బహిరంగంగా నిలదీశారు, ఎర్లెందుర్ ఎదురుగా కూర్చుని, పెట్టింది తిని, చూసింది రాసుకున్నాడు. నాకు నరసింహయ్యగారంటే ప్రాణం. అయినా ఆ విషయం మీద ఇవాళ చదవడానికి మనకి ఎక్కువ సమాచారం మిగిల్చింది ఎర్లెందురే.

ఎలక్ట్రానిక్ సిటీ రవి:

మరి ఇప్పుడు అక్కడ ఏం జరుగుతోంది మాస్టారూ? అంత పని చేసినవాళ్ళు ఆపేశారా?

జయనగర్ లెక్కలాయన:

మాస్టారి బదులు నేను చెప్తాను. ఇప్పుడున్న సైకికల్ రీసెర్చ్ సొసైటీ 1918 డిసెంబర్‌లో పుట్టింది, క్వారాన్ అధ్యక్షుడు, నీల్సన్ ఉపాధ్యక్షుడు. ఆ ఏడాది సంగతి చూడండి. అక్టోబర్‌లో కాట్లా అగ్నిపర్వతం పేలింది, నవంబర్‌లో స్పానిష్ ఫ్లూ రెయ్క్యవిక్‌ని కుదిపేసింది, డిసెంబర్ 1న దేశానికి సార్వభౌమత్వం వచ్చింది, అదే నెలలో ఈ సొసైటీ. పోయినవాళ్ళ కోసం ఏడుస్తున్న ఊళ్ళో పుట్టిన సంఘం అది, అందుకని పేరులో పరిశోధన ఉన్నా మొదట్నించీ ఓదార్పే దాని పని. సొసైటీ ఇప్పటికీ ఉంది, మీడియంలు జనంతో మాట్లాడతారు, ప్రార్థనలతో నయం చేస్తామంటారు. వల కట్టేవాళ్ళు మాత్రం లేరు. యూనివర్సిటీలో ఈ పని ఎర్లెందురే భుజాన మోశాడు, 1999లో రిటైరయ్యాడు, 2020లో పోయాడు.

వైట్‌ఫీల్డ్ తమ్ముడూ, మీటింగులో రూంకీ కాలు, న్యూయార్క్ పరీక్ష పక్కపక్కన పెట్టి చెప్పండి. మొదటిదానికి అందరూ చప్పట్లు కొడతారు, రెండోది చెప్పేటప్పుడు ఒక కాగితం మీద పది గళ్ళు గీసి చూపించండి, లేకపోతే నాలుగు అన్న అంకె ఎందుకు ముఖ్యమో ఎవరికీ పట్టదు. కుదిరితే నన్నూ పిలవండి, ఆదివారమైతే వస్తాను.

వైట్‌ఫీల్డ్ వాసి:

తప్పకుండా రండి సార్, మాస్టారూ మీరు కూడా. ఆదివారం సాయంత్రమే, అడ్రసు మెసేజ్‌లో పంపుతాను. పద్మక్కా, మీరు రాసింది పిన్నికి చదివి వినిపించాను, 31 శాతం దగ్గర ఇంకోసారి చదవమంది. బాబాయ్‌కి ఇవాళ రాత్రి నేనే చెప్తాను.